పాత కారు కొనేముందు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగం)



నేను ఉర్దూ బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి, మిస్త్రీని కాను. అయినా ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నానంటే, మన ఉప్పల్, నాచారం పిల్లలు ఎందరో టాక్సీ నడుపుకుందామని పాత కార్లు కొంటున్నారు. అది తల్లి గాజులు కుదువబెట్టి, చిట్టీ ఎత్తి తెచ్చిన డబ్బు. పైన రంగు, లోపల సీటు కవర్లు చూసి సౌదా కుదుర్చుకుంటే ఆ డబ్బంతా షెడ్డు పాలవుతుంది.

బండిని పగలే చూడాలి. "అన్నా, నేనొచ్చేదాకా స్టార్టు చెయ్యొద్దు" అని ముందే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే, చల్లటి ఇంజను మొరాయించే సంగతి దాచారేమోనని అనుమానించాలి. స్టార్టు చేశాక పొగ చూడండి. నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు తాగుతున్నట్టు. తెల్లపొగ ఆగకుండా వస్తుంటే నీళ్ళు లోపలికి పోతున్నాయేమో చూడాలి. డిప్‌స్టిక్ మీద ఆయిలు పాలచాయలా ఉంటే ఆ బేరం వదులుకోండి. టైరు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలని చట్టం. ఒక పక్కే అరిగితే చక్రాల అమరికలోనో, సస్పెన్షన్‌లోనో తేడా ఉన్నట్టే.

ఇక నడిపి చూడ్డం. మీ లైసెన్సు, ఆ బండి ఇన్సూరెన్సు ఉన్నాయా అని ముందు చూసుకోండి. రేడియో కట్టేయండి. ఉప్పల్ చౌరస్తా రద్దీలో ఆగుతూ సాగుతూ పోతే క్లచ్ సంగతి, ఇంజను వేడి సంగతి తెలుస్తాయి. నాచారం పారిశ్రామికవాడ వీధుల్లో గతుకుల మీద పోతే కింది నుంచి టకటక చప్పుడొస్తుందా వినండి. వరంగల్ రోడ్డు మీద కాస్త వేగం అందుకున్నప్పుడు స్టీరింగ్ వణుకుతుందా చూడండి. వెనక ఎవరూ లేరని చూసుకుని, ఖాళీ రోడ్డు మీద 30 కిలోమీటర్ల వేగంలో బ్రేకు గట్టిగా తొక్కండి. బండి ఒక పక్కకు లాగకూడదు. ఆపాక పెడల్ తొక్కిపట్టి ఉంచండి, అది మెల్లమెల్లగా కిందికి దిగిపోతుంటే ప్రమాదం. ఆ బండిలో రేపు ఎక్కేది మన భార్యాపిల్లలే!

మన వైపు ఇంకో సంగతి. 2020 అక్టోబరు వానలకు ఉప్పల్, హబ్సిగూడ, రామంతాపూర్ కాలనీల్లోకి నీళ్ళు వచ్చాయి. మునిగిన కార్లు కడిగి తుడిస్తే కొత్తవాటిలా కనిపిస్తాయి. సీటు బెల్టు చివరిదాకా లాగండి, బురద మరక ఉందేమో. కార్పెట్టు ఎత్తి వాసన చూడండి. సీటు బోల్టులకు తుప్పుందేమో చూడండి.

ఆఖరుది కాగితాల హిసాబు. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్.సి.తో సరిపోవాలి. ఫైనాన్సు బాకీ, చలానాలు విచారించాలి. టాక్సీకి పర్మిట్, ఫిట్‌నెస్ వేరే ఉండాలి. ఒకే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో రవాణా ఆఫీసుకు తెలియజేయాలి, కొన్నవాడు 30 రోజుల్లో. "మనవాడే, పేరు తర్వాత మార్చుకుందాం" అనే భరోసా ఇద్దరినీ ముంచుతుంది. కారు ఎన్ని చేతులు మారినా, రిజిస్టర్లో పేరున్నవాడే ప్రమాదానికి పరిహారం ఇచ్చుకోవాలని 2018లో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చింది. కనుక అమ్మినవాడికీ నిద్రపట్టాలంటే పేరు మారాల్సిందే.

అమ్మే సోదరులకు ఒక్క మాట. లోపం ఉంటే చెప్పి అమ్మండి, ధర తగ్గినా ఇజ్జత్ తగ్గదు. కొనేవాళ్ళు అడగడానికి మొహమాటపడకండి. ఒక మంచి మిస్త్రీని వెంట తీసుకుపోండి. ఆయనకిచ్చే కూలి దండగ కాదు, మీ సొమ్ముకు కాపలా.