పునర్జన్మ – జీవపరిణామం



జీవపరిణామాన్ని అంగీకరించే మనం పునర్జన్మను ఎట్లా అంగీకరించగలమని పలువురు ప్రశ్నిస్తున్నారు. మనకిది కేవలం పండితచర్చ కాదు. పూర్వజన్మ పాపఫలమే హీనకులమని బోధించి మన పూర్వులను ఊరి వెలుపల ఉంచారు.

బాబాసాహెబ్ మహాపరినిర్వాణానంతరం, 1957లో వెలువడిన 'బుద్ధుడు – ఆయన ధర్మం' గ్రంథం ఈ ప్రశ్నను రెండుగా విడదీసింది: పునర్జన్మ దేనికి? ఎవరికి? మరణానంతరం పృథ్వి, జల, తేజో, వాయు ధాతువులు ప్రకృతిలో కలిసి కొత్త కూర్పులలో వ్యక్తమవుతాయి. ఆ వ్యక్తే తిరిగి పుట్టడం మాత్రం దాదాపు అసంభవం. బిడ్డకు సంక్రమించేది తల్లిదండ్రుల లక్షణాలే, గతజన్మ కర్మ కాదు.

1859లో డార్విన్ ప్రతిపాదించిన పరిణామక్రమంలోనూ ఏ జాతికీ మార్పులేని సారం లేదు. పాపికి పశుజన్మ అనే శిక్షకు అందులో తావు లేదు. మిళిందునికి నాగసేనుడు చూపిన దీపజ్వాల వలె, తరతరాలుగా సాగేది ప్రవాహమే. స్థిరమైన ఆత్మ కాదు.

అయితే విజ్ఞానశాస్త్రం పునర్జన్మను నిరూపించిందని మనం చాటుకోరాదు. పరంపరాగతమని దేనినీ నమ్మవద్దన్న కాలాముల ఉపదేశమే మనకు ప్రమాణం. మన కర్మల ఫలాన్ని రేపటి సమాజం అనుభవిస్తుంది. దానిని సమతతో నిర్మించడమే మనం కోరదగిన పునర్జన్మ.

నమో బుద్ధాయ. జై భీమ్.