రిజిస్టర్‌లో పేరు: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లోకంలో సభ్యత్వ చరిత్ర



బోథ్‌లో ఈ స్మారకోపన్యాసం ఇవ్వమని అడిగినప్పుడు నాకు కంప్యూటర్ల కంటే ముందు ఒక రిజిస్టర్ గుర్తుకొచ్చింది. ఇవాళ మనం ఎవరిని తలుచుకుంటున్నామో ఆ సారు ఇంటి ముందు గదిలో పుస్తకాలు పోగేసి పిల్లలకు చదవడానికి ఇచ్చేవారు. ఆ రిజిస్టర్ ఎర్ర బట్ట అట్ట వేసిన పొడుగాటి పుస్తకం, అందులో నాలుగు గడులు: నంబరు, పేరు, చందా, సంతకం. ఆరు నెలలు నేనక్కడ పుస్తకాలకు అట్టలు వేశాను, బూజు దులిపాను. ఒక సాయంత్రం ఏ పత్రిక తెప్పించాలన్న మాట వచ్చింది. నేనూ ఏదో చెప్పబోయాను.

"పేరు రాసుకున్నవా?" అన్నారు సారు.

రాసుకోలేదు. ఆయన కోప్పడలేదు. రిజిస్టర్ నా ముందుకు జరిపి పెన్ను చేతికిచ్చారు. సంతకం పెట్టాక, "ఇప్పుడు చెప్పు" అన్నారు.

ఊరికే వచ్చి పనిచేసి పోయేవాళ్లకు ఆ పనిమీద మాట చెల్లేదెప్పుడు? ఎవరైనా వాడి, మార్చి, పంచుకోగలిగే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చరిత్రలో సగం ఈ ప్రశ్న చుట్టూ తిరిగిందే. ఆ ప్రశ్నను అందరికంటే ఓపికగా తేల్చుకున్నది డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసే బృందం. 1993 ఆగస్టు 16న ఇయాన్ మర్డాక్ అనే ఇరవై ఏళ్ల విద్యార్థి దాన్ని ప్రకటించాడు. కాబోయే భార్య డెబ్రా పేరును, తన పేరును కలిపి డెబియన్ అన్నాడు. మొదట్లో సభ్యత్వమంటూ ఏమీ లేదు. పని చేస్తానని ఉత్తరం రాస్తే చాలు, చేర్చుకునేవారు. పదుల మంది వందలయ్యాక అది నడవలేదు. ఒకడు ప్యాకేజీ, అంటే కంప్యూటర్లో పెట్టుకునే ప్రోగ్రాము మూట, తయారుచేసి సర్వర్‌లోకి ఎక్కిస్తే, అది ముక్కూ ముఖం తెలియని ఎందరి కంప్యూటర్లలోకో పోతుంది. ఎక్కించే తాళం ఎవరి చేతిలో ఉందో తెలియాలి కదా!

అందుకని 1997లో వాళ్లు సామాజిక ఒప్పందం రాసుకున్నారు, మరుసటి ఏడాది నియమావళి. నాయకుణ్ని ఏటా సభ్యులే ఎన్నుకోవాలి, పెద్ద తగాదాలు సర్వసభ్య తీర్మానంతో తేలాలి. కోరం లెక్క నాకు చాలా నచ్చింది. సభ్యుల సంఖ్యకు వర్గమూలం కట్టి, అందులో సగం తీసుకుని, దాన్ని మూడింతలు చేస్తారు. వెయ్యి మంది ఉంటే ఒక ప్రతిపాదనకు కనీసం 48 మంది మద్దతు కావాలి. నలుమూలలా చెదిరి, తీరిక దొరికినప్పుడు పనిచేసే మనుషులను సగం మంది రండి, మూడొంతుల మంది రండి అంటే ఏ సభా జరగదు. అది ఎరిగి రాసిన లెక్క ఇది.

1999 చివర్లో కొత్తవాళ్లను చేర్చుకోవడమే ఆపేశారు. మరుసటి ఏడాది తలుపులు తెరిచేసరికి కొత్త పద్ధతి సిద్ధంగా ఉంది. పాత సభ్యుడొకరు పూచీ పడాలి. దరఖాస్తుదారుతో మరొకరు నెలల తరబడి మాట్లాడాలి: లైసెన్సుల సంగతి తెలుసా, ఒప్పందం అర్థమైందా, పని చేతనవునా? మనిషెవరో మనుషులే సాక్ష్యం చెప్పాలి. ఆ సాక్ష్యం చెప్పే తీరు చూడాల్సిందే. సమావేశంలో జనం ఎదురెదురుగా రెండు వరసల్లో నిలబడతారు. ఒక్కొక్కరి చేతిలో ఒక కాగితం, ఒక పాస్‌పోర్టు. కాగితం మీద నాలుగేసి చొప్పున పది గుంపులుగా నలభై అక్షరాలు, అంకెలు ఉంటాయి. అది ఆ మనిషి డిజిటల్ తాళానికి వేలిముద్ర. పాస్‌పోర్టు ఫొటో చూసి, ముఖం చూసి, నలభై గుర్తులూ సరిచూసి పెన్నుతో టిక్కు పెట్టి, ఒక అడుగు పక్కకు జరుగుతారు. ఇంటికెళ్లాక ఆ తాళం మీద తమ సంతకం చేసి పంపుతారు.

అయినా ఒక లోటు చాలా ఏళ్లు ఉండిపోయింది. ప్యాకేజీలు చేసేవాడికే ఓటు. అనువాదాలు చేసేవారు, బొమ్మలు వేసేవారు, వాడుక పుస్తకాలు రాసేవారు, సమావేశాలకు చాకిరీ చేసేవారు ఏళ్ల తరబడి పనిచేసినా బయటివాళ్లే. 2010లో సర్వసభ్య తీర్మానంతో వాళ్లకూ పూర్తి సభ్యత్వం ఇచ్చారు: ప్యాకేజీలు ఎక్కించే తాళం ఉండదు, ఓటు ఉంటుంది. ఈ చరిత్రంతటిలో నాకు పెద్ద మలుపు ఇదే. కోడు రాయడం రాకపోయినా తెలుగు చక్కగా రాయగల మన పిల్లలకు చోటు దొరికింది అక్కడే.

మన దగ్గరి దారులు వేరు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున మొదలుపెట్టిన తెలుగు వికీపీడియాలో రాయడానికి ఖాతా కూడా అక్కర్లేదు. నిర్వాహకులను మాత్రం తోటి వాడుకరులే ఓట్లతో ఎన్నుకుంటారు. 2005లో హైదరాబాద్‌లో మొదలైన స్వేచ్ఛ సంస్థ ఇంజినీరింగ్ కాలేజీల విద్యార్థులను కలుపుకుని తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ మీద పనిచేసింది. 2011లో బెంగళూరులో వికీమీడియా ఇండియా చాప్టర్ సభ్యులతో, చందాతో, కార్యవర్గంతో రిజిస్టరైంది. 2019లో వికీమీడియా చాప్టర్‌గా దాని గుర్తింపు పోయింది. అయినా తెలుగులో రాసేవాళ్లు రాస్తూనే ఉన్నారు. రిజిస్ట్రేషన్ ఒక్కటే సమాజాన్ని నిలబెట్టదు, నేను ఒప్పుకుంటాను. కానీ లెక్క అడిగే సభ్యులు లేని చోట నిర్ణయాలు కొద్దిమంది చేతుల్లోకి పోవడం కూడా కళ్లారా చూశాను. అందుకే సారు రిజిస్టర్ వైపే నా మొగ్గు.

ఇక మన ఆదిలాబాద్ అడవుల దగ్గరికి వస్తాను. నార్నూర్ మండలం గుంజాలలో గోండు కుటుంబాలు తరాలుగా దాచుకున్న రాతప్రతుల్లోని లిపి 2018 జూన్‌లో, కంప్యూటర్లు లిపులను గుర్తించే పట్టిక యూనికోడ్ 11లోకి ఎక్కింది. ఇవాళ ఫోన్లో గుంజాల గోండి అక్షరం రాయడానికి దారి పడింది. కానీ ఆ పట్టికను చూసుకునే యూనికోడ్ కన్సార్టియంలో ఓటున్న సభ్యులంటే చందా కట్టే సంస్థలు, ప్రభుత్వాలు. ఆ కాగితాలను చెదలకు, వానకు దొరకకుండా కాపాడిన ఇళ్లకు అక్కడ ఓటు లేదు. ఇది నన్ను బాధపెడుతుంది.

గోండిలో ఫోన్ మెనూలు, బడి పుస్తకాలు, నిఘంటువు తయారుచేయాలని ఈ మండలాల పిల్లలు ఉత్సాహంగా ఉన్నారు. మన చట్టం ప్రకారం సంఘం పెట్టడానికి ఏడుగురు చాలు. ఆ ఏడుగురిలో కంప్యూటర్ తెలిసినవాళ్లు ఇద్దరుంటే సరిపోతుంది. మిగతా పేర్ల కోసం ముందు గుంజాల వెళ్లి, ఆ లిపి చదివే పెద్దమనుషుల దగ్గర కూర్చోండి. రిజిస్టర్ వెంట తీసుకెళ్లండి. మొదటి నంబరు వాళ్లకు వదిలి, రెండో వరస నుంచి మీ పేర్లు రాసుకోండి.