పెరట్లో పుంజు ఎందుకు?

పుంజు లేకపోతే పెట్ట గుడ్డు పెడుతుందా? పెడుతుంది. గుడ్ల సంఖ్యా తగ్గదు. ఆ గుడ్డు పిల్ల కాదు, అంతే. కూరకే అయితే పుంజు మేత దండగ.

పిల్లల్ని తీయించాలంటే మాత్రం పుంజు కావాలి. ఎనిమిది, పది పెట్టలకు ఒకటి చాలు. రెండు మూడు పెట్టల మధ్యే వదిలితే పదేపదే ఎక్కి వాటి వీపు మీద ఈకలు ఊడగొడుతుంది. జతకట్టాక పుంజు వీర్యం పెట్ట ఒంట్లో రెండు వారాల దాకా నిలవుంటుంది. కాబట్టి పుంజును మార్చిన కొత్తలో వచ్చే పిల్లలు పాతదానివీ కావచ్చు. పొదగేసిన ఏడో రాత్రి గుడ్డు వెనక టార్చి వేసి చూడండి. ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల కట్టినట్టే. 21వ రోజుకు బయటికొస్తుంది.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన కేంద్రం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ సంకర రకాలు. వాటి గుడ్లను ఇంట్లో పొదిగిస్తే తల్లి గుణాలన్నీ పిల్లలకు రావు. నాటుకోళ్లకు ఆ చిక్కు లేదు. కాకపోతే పుంజును దాని కూతుళ్లతోనే ఏళ్ల తరబడి ఉంచితే పిల్లలు బలహీనపడతాయి. పొరుగూరి పుంజుతో మార్చుకోవడం మేలు.

సంతలో కొన్నదాన్ని నేరుగా గుంపులో వదలకండి. రెండు మూడు వారాలు దూరంగా, విడిగా ఉంచండి. కొక్కెర తెగులు అలా కొన్నవాటితో ఇంట్లోకి వస్తుంది. పందెం జాతి పుంజైతే ఇంకో పుంజును బతకనివ్వదు, పసిపిల్లలున్న ఇంట్లో నేనైతే వద్దంటాను. గద్ద నీడ పడగానే కేకేసి పెట్టల్ని చెట్టు కిందికి తరిమేది మాత్రం పుంజే.