వెల అడగని దయ

క్రైస్తవుడి దయ గురించి మాట్లాడమంటే మనసు వెంటనే క్రిస్మస్ దుప్పట్ల పంపిణీ మీదికో, అనాథాశ్రమంలో అన్నదానం మీదికో పోతుంది. అవి మంచి పనులే. నేను మాత్రం పండుగ లేని రోజుల దయ గురించి మనవి చేయదలిచాను. నా వాదన ఒక్కటే. మన చేతి కింద పనిచేసేవారికి న్యాయంగా రావలసినదాన్ని వేళకు, గౌరవంగా, బదులు ఏమీ కోరకుండా ఇవ్వడంతోనే క్రైస్తవ దయ మొదలవుతుంది. ఆ బాకీ తీర్చకుండా చేసే దానం ఎంత పెద్దదైనా పునాది లేనిదే.

ఈ మాటకు ఆధారం వాక్యంలోనే ఉంది. కూలివాడి కూలి పొద్దు గుంకక ముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండం ఆజ్ఞాపించింది. అతడు బీదవాడు, దానిమీదే ఆశ పెట్టుకున్నాడు కనుక. బిగబట్టిన కూలి దేవునికి మొరపెడుతుందని యాకోబు పత్రిక హెచ్చరించింది. యేసు ఉపమానంలోని మంచి సమరయుడు కూడా దెబ్బలు తిన్నవాడి గాయాలు కట్టి అయ్యో అని వెళ్లిపోలేదు. పూటకూళ్లవాడికి రెండు దేనారాలు ఇచ్చి, మిగతా ఖర్చు తిరుగు ప్రయాణంలో తీరుస్తానని పూచీ పడ్డాడు. జాలి అతని చేతుల్లో బాధ్యత అయింది.

మన తెలుగు నేల మీద దీనికి గట్టి నిదర్శనం 1876-78 నాటి ధాత కరువు. ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆనాడు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. పై మేస్త్రీల దౌర్జన్యానికి జంకే నిరుపేద మాదిగలకు తన బోధకులనే పర్యవేక్షకులుగా పెట్టి, పనీ కూలీ కల్పించాడు. బిచ్చం వేసి తలదించుకునేలా చేయలేదు. పని చూపి తల ఎత్తుకునేలా చేశాడు.

ఇక్కడే పెద్ద ఆక్షేపణ వస్తుంది. మిషనరీల దయ మతం మార్చడానికి వేసిన ఎర కాదా అని. ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. ఆకలిగొన్నవాడి ముందు అన్నంతోపాటు షరతు పెడితే అది దయ కాదు, బేరం. క్లౌకు ఈ ప్రమాదం తెలుసు. అందుకే సహాయం సాగినన్నాళ్లూ, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. పంచడానికి ఇక డబ్బు లేదని తేటగా చెప్పాకే తిరిగి మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. సంఖ్య మీద మనకు గర్వం ఉంటే ఉండవచ్చు. అంతకన్నా ముందు నేర్చుకోవలసింది బాప్తిస్మాలు ఆపిన ఆ విరామం నుంచి. అలాగే, దయ క్రైస్తవుల సొత్తని కూడా అనుకోకూడదు. 1915లో డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ నెలకొల్పిన కుష్ఠు ఆసుపత్రికి పెద్ద విరాళమిచ్చింది హిందూ దాత రాజా నర్సాగౌడ్. మేలు చేయడానికి ఆయన మతం మారనక్కరలేదు. మేలు అందుకోవడానికి రోగి కూడా మారనక్కరలేదు.

మరో ఆక్షేపణ, మెత్తగా ఉంటే అలుసైపోతామని. దయ అంటే లెక్క మరవడం కాదు. పని సరిగా లేకపోతే చెప్పవచ్చు, తప్పును దిద్దవచ్చు. అవమానించడానికీ, కూలి ఎగ్గొట్టడానికీ మాత్రం అది సాకు కారాదు. మంచితనం కాదు, చట్టం కావాలనేవారూ ఉన్నారు. చట్టం కావలసిందే. అయితే చట్టం చేరలేని గడపలోపల, రాత్రి డ్యూటీ గేటు దగ్గర, అక్కడున్న మనిషి మనసే దిక్కు.

2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకున్నాక మన మామిడిపల్లి చుట్టుపక్కల బతుకు రాత్రింబవళ్ల డ్యూటీ అయింది. క్యాబ్ డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు, ఊడ్చే తల్లులు, ఇళ్లు కట్టే వలస కూలీలు మన చుట్టూ ఉన్నారు. మనలో ఇల్లు అద్దెకిచ్చేవారు, సూపర్‌వైజర్లు, మేస్త్రీలు ఉన్నారు. జీతం ఏ తేదీకి ఇస్తున్నాం? పనిమనిషికి జ్వరం వస్తే కోత పెడుతున్నామా? కులం అడిగి ఇల్లు ఇస్తున్నామా? వయసులో పెద్దయిన వాచ్‌మన్‌ను ఏమని పిలుస్తున్నాం? ఆదివారం కానుక పెట్టెలో వేసే ముందు ఎవరి కూలి మన దగ్గర నిలిచిపోయిందో చూసుకుందాం. ఉంటే, మొదట దాన్ని తీర్చి వద్దాం.