లెక్కల పుస్తకం ఎవరి బీరువాలో?

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లల్లో కొందరు మందుల దుకాణాలు, హోల్‌సేల్ వ్యాపారాలు, చిన్న పరిశ్రమలు నడుపుతున్నారు. లెక్కలన్నీ క్లౌడ్‌లో పెడదామని వారు ఆలోచిస్తున్నారు. మనలో చాలామంది రిటైర్మెంటు సొమ్ములో కొంత ఆ వ్యాపారాల్లోనే ఉన్నది. కనుక ఇది మనకూ పట్టవలసిన విషయమే.

క్లౌడ్ అంటే ఆకాశంలో ఉండేది కాదు. వేరొక సంస్థ కంప్యూటర్లను ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకోవడమే. అమెజాన్ సంస్థ ఎస్3 అనే నిల్వ సేవను 2006లో ప్రారంభించింది. ఆ సంస్థే 2016లో ముంబయిలోను, 2022లో హైదరాబాదులోను కేంద్రాలు తెరిచింది.

ఇందులో నిల్వ వేరు, డేటాబేస్ వేరు. నిల్వ మన రికార్డు రూము వంటిది. స్కాన్ చేసిన బిల్లులు, అగ్రిమెంట్లు, ఫోటోలు అక్కడ దాచుకోవచ్చు. డేటాబేస్ లెడ్జరు వంటిది. సరుకు అమ్మితే స్టాకులో తగ్గాలి, ఖాతాలో పెరగాలి. మధ్యలో కరెంటు పోతే సగం పద్దు మిగలకూడదు. రెండూ పడాలి, లేదా రెండూ పడకూడదు. వరుసలు, గడులతో ఉండే ఈ పద్ధతికి మూలం ఐ.బి.ఎం.లో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో ప్రచురించిన వ్యాసం. బిల్లులకు, స్టాకుకు, అరువు ఖాతాలకు నేటికీ అదే తగినది. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ వంటివి ఈ కోవలోనివే. వీటిని అనేక సంస్థలు నడిపి పెడతాయి కనుక, ఒకచోట నచ్చకపోతే మరొకచోటికి మారడం సులువు.

బిల్లుల ఫోటోలను లెడ్జరులో కుక్కనక్కరలేదు. వాటిని తక్కువ అద్దె నిల్వలో ఉంచి, నంబరు మాత్రం డేటాబేస్‌లో వ్రాసుకుంటే ఖర్చు తగ్గుతుంది. అయితే అతి చవక నిల్వల్లో పెట్టడం చవకే గాని, తీయడానికి ఆలస్యం, అదనపు రుసుము ఉంటాయి. ఆ షరతు ముందే చదవాలి.

ఇక అసలు సంగతి. ఆస్ట్రేలియాలో యూనిసూపర్ అనే పదవీ విరమణ నిధి ఉన్నది. సభ్యులు 6 లక్షలకు పైమాటే. 2024 మే నెలలో వారు దాదాపు వారం రోజులు తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. గూగుల్ క్లౌడ్‌లో ఆ నిధి వ్యవస్థను ఏర్పాటు చేసినప్పుడు సిబ్బంది ఒక గడి ఖాళీగా వదిలారు. దానితో ఏడాది గడువు దానంతటదే పడి, గడువు తీరగానే వ్యవస్థ తొలగిపోయింది. రెండుచోట్ల ఉంచిన జంట ఏర్పాటు కూడా ఒకేసారి పోయింది. సభ్యుల సొమ్ముకు నష్టం రాలేదు. ఆ నిధి మరొక సంస్థ వద్ద కూడా నకళ్ళు ఉంచుకోవడం కోలుకోవడానికి ఎంతో తోడ్పడింది.

ట్రెజరీలో డబుల్ లాక్ పద్ధతి మనకు తెలిసిందే: రెండు తాళాలు, ఇద్దరి చేతుల్లో. నకలు విషయంలోనూ అదే న్యాయం. రెండవ నకలు వేరే ఊళ్ళో ఉంటే చాలదు; వేరే సంస్థ వద్ద, వేరే పాస్‌వర్డుతో ఉండాలి.

నకలు ఉన్నదన్న ధీమా కూడా చాలదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున అసలు డేటాబేస్‌ను తుడిచివేశారు. నకళ్ళకోసం వెదికితే పలు ఏర్పాట్లు పనిచేయడం లేదని అప్పుడు బయటపడింది. అదృష్టవశాత్తు ఆరు గంటల క్రితంది ఒకటి దొరికింది. స్టాకును ఆకస్మికంగా తనిఖీ చేసినట్లే, మూడు నెలలకొకసారి నకలును తెరిచి, లెక్కలు సరిపోయాయో లేదో చూడాలి.

కనుక పిల్లలు ఒప్పందం చేసుకునే ముందు మనం నాలుగు ప్రశ్నలు అడుగుదాం. ఒక రోజు లెక్క పోతే తట్టుకోగలమా, ఒక గంటదేనా? నెల అద్దె ఎంత, బయటికి తీసుకుపోవడానికి ఎంత? తాళం ఎవరెవరి వద్ద ఉంది? నకలును చివరిసారి ఎప్పుడు తెరిచి చూశారు?

కొనుగోలుదారుల ఫోన్ నంబర్లు, మందుల చీటీలు కూడా అందులో ఉంటాయి. క్లౌడ్ సంస్థకు అప్పగించినంత మాత్రాన దుకాణదారు బాధ్యత తీరదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెప్పేదీ అదే.

కంప్యూటరు పరిజ్ఞానం పిల్లలది. తనిఖీ అలవాటు మనది. రెండూ కలిస్తే వ్యాపారం నిలుస్తుంది.