మైకు లేని గొంతు

1902 ఏప్రిల్‌లో మిలాన్‌లోని ఒక హోటల్ గదిలో, రికార్డింగు గొట్టం ముందు నిలబడి ఇటలీ టెనర్ (పై స్థాయిలో పాడే గాయకుడు) ఎన్రికో కరూసో పది పాటలు పాడాడు. ఆ రికార్డుల్లో ఎంత గరగర ఉన్నా ఆ గొంతు ఇవాళ్టికీ నేరుగా గుండెకు తగులుతుంది.

ఆ రోజుల్లో ఒపేరా హాళ్లలో మైకుల్లేవు. వాద్యాల హోరును దాటి చివరి వరుస దాకా వినబడాలి. అరిస్తే గొంతు పోతుంది. కిటుకు వేరే ఉంది. వాద్యబృందం బలమంతా 500 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. సాధన చేసిన గాయకుడు స్వరపేటిక పైభాగాన్ని ఇరుకు చేసి, 3000 హెర్ట్జ్ దగ్గర కంచు మోగినట్టు మోగిస్తాడు. అక్కడ వాద్యాల జోరు తక్కువ, మన చెవి మహా చురుకు.

కరూసో తర్వాతి తరం గాయకుడు బెన్యామినో జిల్యీ పాట కూడా వినండి. సన్నగా ఎత్తుకున్న స్వరాన్ని అదే ఊపిరిలో పెంచి, మళ్లీ దారమంత సన్నగా చేస్తాడు. పై స్థాయి కేక కన్నా నాకు ఇదే గొప్ప.