వెన్నులో స్క్రూలకు చీము పడితే
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాను. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేరి సుబేదారుగా రిటైరయ్యాను. వార్డులో చూసినవి, డాక్టర్ల దగ్గర నేర్చుకున్నవి నాలుగు మాటలు చెబుతాను. మన వాళ్ళలో వెన్నుకు ఆపరేషనై, లోపల టైటానియం స్క్రూలు, రాడ్లు ఉన్నవారు ఉన్నారు కనుక ఈ విషయం ఎంచుకున్నాను.

మామూలు పుండు కొద్ది రోజుల మాత్రలతో మానుతుంది. లోహం మీద చేరిన బాక్టీరియా అలా లొంగదు. చుట్టూ జిగట పొర కట్టుకుంటుంది. దాన్ని బయోఫిల్మ్ అంటారు. బంకర్లో దాగిన శత్రువు లాంటిదన్నమాట. అందుకే వైద్యం నెలల తరబడి సాగుతుంది.

ఆపరేషనైన కొన్ని వారాల్లో కుట్ల దగ్గర చీము గానీ నీరు గానీ కారినా, జ్వరం వచ్చినా, తగ్గిన నొప్పి మళ్ళీ పెరిగినా వెంటనే సర్జన్‌కు చూపించండి. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసుకోవద్దు. శాంపిల్ తీయకముందే మందు పడితే కల్చర్‌లో క్రిమి దొరక్కపోవచ్చు. కొన్ని క్రిములు నిదానంగా పెరుగుతాయి కనుక కల్చర్‌ను 14 రోజుల దాకా ఉంచుతారు. మన దేశంలో టీబీకి కూడా పరీక్ష చేయించడం మంచిది.

త్వరగా బయటపడితే గాయం తెరిచి, శుభ్రంగా కడిగి, స్క్రూలను అలాగే ఉంచుతారు. ఎముక అతకకముందే తీస్తే వెన్ను నిలబడదు గదా! తర్వాత మందులు, తరచుగా సుమారు 12 వారాలు. ఎముక అతికాక, చాలా కాలానికి ఇన్‌ఫెక్షన్ వస్తే సాధారణంగా లోహాన్ని తీసేస్తారు.

ఇంజెక్షనైతేనే పనిచేస్తుందని మనకో నమ్మకం. ఎముకలు, కీళ్ళ ఇన్‌ఫెక్షన్ ఉన్న 1,054 మందిపై బ్రిటన్‌లో జరిగిన పరిశోధన 2019లో వెలువడింది. మొదటి ఆరు వారాల్లో సరైన మాత్రలు ఇంజెక్షన్లకు తీసిపోవని తేలింది. ఏది ఎవరికన్నది డాక్టరే చెప్పాలి.

క్రిమి స్టెఫైలోకాకస్ అయితే రిఫాంపిసిన్ కలుపుతారు. అది బయోఫిల్మ్‌లోనూ పనిచేస్తుంది. మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడి మానొద్దు. కళ్ళు పచ్చబడితే మాత్రం వెంటనే డాక్టరుకు చెప్పండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. అన్నిటికంటే ముఖ్యం, దాన్ని ఎప్పుడూ ఒంటరిగా వాడకూడదు. క్రిమి త్వరగా దానికి అలవాటు పడిపోతుంది, ఆ తర్వాత ఆ ఆయుధం మనకు లేనట్టే. ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లో జత మందు దొరకలేదని అదొక్కటే మింగుతూ కూర్చోకండి. అదే రోజు డాక్టర్ని అడగండి.

నొప్పి తగ్గింది కదా అని మధ్యలో పోస్టు వదిలి రాకండి. రిలీవ్ చేయాల్సింది డాక్టరే.

జై హింద్.